మూడు విజిల్స్ ఎవరు లెక్కపెట్టాలి?

ఇస్నాపూర్‌లో "ఈ స్టవ్ ఎవరిది?" అని అడిగితే జవాబు షిఫ్టును బట్టి మారుతుంది. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు నలుగురైదుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. మధ్యాహ్నం షిఫ్టుకు పోతూ ఒకడు పప్పు పెడతాడు. నైట్ చేసి పడుకున్నవాడు లేచి దించుతాడు. "మూడు విజిల్స్ అయితే బంద్ చెయ్యన్నా" అనే ఒక్క మాటతో వంట చేతులు మారుతుంది.

వంట పరికరాలు డిజైన్ చేయడం నా పని. మా డ్రాయింగుల్లో విజిల్ ఒక లోపం. చప్పుడు, పైగా ఆవిరి వృథా. అది తీసేసి ఫోన్‌కు మెసేజ్ పంపితే సరిపోతుందనుకుంటాం. కానీ మంటంటుకునే ద్రావకాలు వాడే ప్లాంటులోకి ఫోన్ రానివ్వరు, లాకర్‌లో పెట్టి వెళ్లాల్సిందే. పప్పు ఉడికిందన్న కబురు ఆ లాకర్‌లో మోగితే ఎవరికి లాభం? విజిల్‌కు పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఒడిశా నుంచి వచ్చిన రూమ్మేటుకూ, పక్కింటి అక్కకూ వినిపిస్తుంది.

2018లో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి దుకాణం తెరిచే ముందు ఐకియా వాళ్లు సుమారు వెయ్యి ఇళ్లు తిరిగి చూశారు. మెచ్చుకోవాల్సిందే. ఇలాంటి గది వాళ్ల లెక్కలో ఇల్లు అవుతుందా అన్నది నా అనుమానం.

అంతకు చాలా ముందే మన దగ్గర ఒక తెలివైన పొయ్యి పుట్టింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు పొగ గదిలోకి రాని మట్టి పొయ్యి రూపొందించి, 1953లో దాని మీద ఒక పుస్తకమే వేశారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు, పొగను బయటికి పంపే గొట్టం. 1980ల్లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం పెట్టి ఊరూరా కట్టించింది. చాలాచోట్ల గొట్టం మసితో పూడుకుపోయింది, ఇంట్లో ఉన్న గిన్నె పొయ్యి కంతకు కుదరలేదు. జనం పాత పొయ్యికే మళ్లారు. మసి దులిపే పని ఎవరి నెత్తిన పడుతుందన్న లెక్క సరిగ్గా వేసినట్టు లేదు.

నేనిప్పుడు గీస్తున్న కుక్కర్‌లో విజిల్ అలాగే ఉంది. ఇక్కడ వండేది సిలిండర్ మీదే, సిల్వర్ గిన్నెల్లోనే; అవి మామూలు ఇండక్షన్ మీద వేడెక్కవు కాబట్టి స్టవ్ జోలికి పోలేదు. చేర్చిందల్లా మూత మీద ఒక అంకె. రెండో విజిల్‌కు మెలకువ వచ్చినవాడికి మొదటిది వచ్చిందో లేదో తెలియదు కదా. అంకె చూస్తే తెలుస్తుంది. దానికి చిన్న బ్యాటరీ కావాలి. అది అయిపోతే ఐదుగురిలో ఎవరు కొనుక్కొస్తారన్నది ఇంకా తేలలేదు.