నాలుగు మిల్లీమీటర్ల లెక్క

“గర్భసంచి గోడ మందమైందంట డాక్టరమ్మా, తీసేయించుకోమన్నారు.” విజయవాడ వన్‌టౌన్‌లోని మా స్కానింగ్ గదికి వచ్చే నడివయసు ఆడవాళ్ల నోట ఈ మాట తరచూ వింటాను. చేతిలోని పాత రిపోర్టులో ఉండేది ఒకటే అంకె: లోపొర 12 మిల్లీమీటర్లు. నెలసరి ఎన్నో రోజున కొలిచారో ఉండదు. ముట్టు సక్రమంగా వచ్చే మనిషికి 22వ రోజున 12 ఉంటే అందులో వింతేమీ లేదు. ముట్లుడిగిన పదేళ్లకు రక్తం కనబడినామెకు అదే 12 ఉంటే, ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే.

అందుకే ముందు ప్రశ్నలు. ఆఖరి ముట్టెప్పుడు? హార్మోన్ మాత్రలేమైనా వాడుతున్నారా? రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్? ఆ మందు వాడేవాళ్లలో పొర మందంగా కనిపించినా చాలాసార్లు లోపల జబ్బుండదు.

తర్వాత మూత్రానికి వెళ్లి రమ్మంటాను. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర్నుంచి సీసాడు నీళ్లు తాగుతూ వచ్చినావిడకు నా మీద కోపం రావడం సహజం. కానీ యోని లోపలి నుంచి చేసే ఈ స్కాన్‌కి (టీవీఎస్) మూత్రసంచి ఖాళీగా ఉండాలి.

అసలు పనితనం కొలతలో ఉంది. గర్భసంచిని నిలువునా, మెడ దాకా తెరమీదికి తెచ్చి, పొర బాగా మందంగా ఉన్నచోట ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలవాలి. మధ్యలో నీరుంటే దాన్ని వదిలేసి, రెండు వైపులా విడివిడిగా కొలిచి కలపాలి. ప్రోబ్ ఏటవాలుగా పడిందా, 4 కాస్తా 6 అవుతుంది.

ఆ 4 చిన్న అంకె కాదు. ముట్లుడిగాక రక్తం కనబడినవాళ్లలో పొర 4 మిల్లీమీటర్లు దాటకపోతే క్యాన్సర్ ఉండే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. మళ్లీ మళ్లీ రక్తం కనబడితే మాత్రం ఈ భరోసా చెల్లదు. రక్తమే కనబడనివాళ్లకు అసలీ గీత గీసిందే కాదు. అయినా వాళ్లనూ దీంతోనే భయపెడతారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం, మన ఆంధ్రలో 8.9. తప్పంతా స్కాన్ రిపోర్టులదే అనను. ఒంటరి అంకెల వాటా మాత్రం కొంత ఉందనుకుంటాను.

పాలిప్ (పొర మీద పెరిగే చిన్న కండ) అనుమానముంటే కలర్ డాప్లర్‌లో దానికి రక్తం తెచ్చే ఒక్క నాళం కోసం వెతుకుతాను. అప్పటికీ తేలకపోతే సన్నటి గొట్టంతో కాస్త సెలైన్ ఎక్కిస్తే పొరలు విడిపోయి పాలిప్ బయటపడుతుంది. సంచి లోపలికి కెమెరా పంపే హిస్టెరోస్కోపీతో దాన్నొక్కదాన్నే తీయొచ్చు, సంచి జోలికి పోనక్కర్లేదు. ముట్టుకు ముందు రోజుల్లో పొరంతా తెల్లగా ఉండి తెల్లటి పాలిప్‌ని దాచేస్తుంది కాబట్టి, ముట్టు ఆగిన వెంటనే మళ్లీ రమ్మంటాను. “అవనిగడ్డ నుంచి మళ్లీ బస్సు ఛార్జీలా? మళ్లీ స్కాన్ డబ్బులా?” అంటారు. అడగాల్సిన ప్రశ్నే. డబ్బుల సంగతి నా చేతిలో ఉంది, బస్సు ఛార్జీకి నా దగ్గర జవాబు లేదు.