తెలుగు పిహెచ్.డి. - అధ్యాపక నియామకం: అర్హత నిబంధనలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు శాఖల్లో పరిశోధనకు చేరేవారి ముందున్న ప్రధాన లక్ష్యం అధ్యాపక వృత్తి. ఈ వృత్తికి అర్హతలను నిర్ణయించే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) నిబంధనలు 2009 తరువాత పలుమార్లు మారాయి. ఈ మార్పుల వల్లనే పరిశోధన ప్రమాణాలు తగ్గాయన్న అభిప్రాయం విద్వల్లోకంలో తరచుగా వినిపిస్తుంది. నిబంధనలు నిజంగా ఏమి అడుగుతున్నాయి, పరిశోధకులూ శాఖలూ వాటిని ఎలా అర్థం చేసుకున్నారు అన్న రెండు ప్రశ్నలను విడదీసి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెలుగు పరిశోధన, పిహెచ్.డి., నెట్, అధ్యాపక నియామకం, పరిశోధన పత్రాలు, అంశ ఎంపిక, కోర్సువర్క్.

1. ఉపోద్ఘాతం:

పరిశోధన జ్ఞానం కోసమా, ఉద్యోగం కోసమా అన్న ప్రశ్న తెలుగు శాఖల సదస్సుల్లో పాతబడింది. ఆ ప్రశ్నలోనే ఒక లోపం ఉంది. ఉద్యోగాన్ని కోరి పరిశోధన చేయడం నేరమన్న భావన అందులో దాగి ఉంది. పల్లెల నుంచి, తొలితరం చదువుల కుటుంబాల నుంచి వచ్చి, ఎం.ఏ. తరువాత ఐదారేళ్లు పరిశోధనకు వెచ్చించే విద్యార్థి జీవనోపాధిని ఆశించడం సహజం, న్యాయం. జె.ఆర్.ఎఫ్. పొందినవారికి 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు అందుతున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేకుండా చేరిన పిహెచ్.డి. పరిశోధకునికి లభించే వేతనం 8,000 రూపాయలే. ఒకే గ్రంథాలయంలో పక్కపక్కన కూర్చుని పనిచేసే ఇద్దరి మధ్య ఇంత అంతరం ఉన్నప్పుడు, నిష్కామ పరిశోధన గురించి అందరికీ ఒకే ఉపదేశం చేయడం ఉచితం కాదు.

కాబట్టి పరిశీలించవలసింది పరిశోధకుని ఉద్దేశాన్ని కాదు. ఉద్యోగార్హత అన్న చట్రం పరిశోధన స్వరూపాన్ని ఎక్కడ, ఎంతవరకు మార్చింది అన్నదే విచార్యం.

2. మారుతూ వచ్చిన నిబంధనలు:

2009 నిబంధనల ప్రకారం నిర్ణీత ప్రమాణాలతో పిహెచ్.డి. పొందినవారికి నెట్ నుంచి మినహాయింపు లభించింది. 2018 నిబంధనలు మరొక అడుగు ముందుకు వేసి, 2021 జూలై 1 నుంచి విశ్వవిద్యాలయాల్లో సహాయాచార్య నియామకానికి పిహెచ్.డి. తప్పనిసరి అని ప్రకటించాయి. ఆ గడువు తరువాత 2023 జూలైకి వాయిదా పడింది. తీరా ఆ తేదీ వచ్చేసరికి నెట్, సెట్, స్లెట్‌లే కనీసార్హత అనీ, పిహెచ్.డి. ఐచ్ఛికమనీ సవరణ వెలువడింది.

పిహెచ్.డి. ప్రదాన నియమాలూ ఇదే కాలంలో మారాయి. సిద్ధాంతగ్రంథం సమర్పణకు ముందు ఒక పరిశోధన పత్రం ప్రచురించి తీరాలని 2016 నిబంధనలు విధించగా, 2022 నవంబరు నిబంధనలు ఆ షరతును తొలగించాయి. ఎం.ఫిల్. కూడా వీటితోనే రద్దయింది. ప్రామాణిక పత్రికల గుర్తింపు కోసం 2019లో అమలులోకి వచ్చిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో యు.జి.సి. ఉపసంహరించుకుంది. 2024-25 నుంచి పిహెచ్.డి. ప్రవేశానికి నెట్ మార్కులనే ఆధారంగా తీసుకునే పద్ధతి మొదలైంది. అందులో నెట్ మార్కులకు 70 శాతం, మౌఖిక పరీక్షకు 30 శాతం ప్రాధాన్యం.

ఈ క్రమాన్ని 2018లో పరిశోధనకు చేరి 2024లో పట్టా పొందిన ఒక పరిశోధకుని వైపు నుంచి చూడాలి. చేరిన నాడు పిహెచ్.డి. అనివార్యం, ముగించిన నాడు ఐచ్ఛికం. చేరిన నాడు పత్ర ప్రచురణ తప్పనిసరి, సమర్పించే నాటికి కొత్తగా చేరేవారికి ఆ షరతు లేదు. జాబితాలో ఉందని ఎంచుకున్న పత్రిక ఉన్నా, ఆ జాబితాయే మరుసటి ఏడు లేకుండా పోయింది. ప్రతి మార్పుకూ విధానపరమైన కారణం ఏదో ఉండవచ్చు. కాని ఆరేళ్ల శ్రమను కోరే పట్టాకు రెండేళ్లకొకసారి విలువ మారితే, పరిశోధకుడు సుదీర్ఘమైన, ఫలితం అనిశ్చితమైన అంశాన్ని చేపట్టడానికి వెనుకాడతాడు. నిబంధనల వల్ల కలిగిన నిజమైన నష్టం ఇది.

3. అంకెలు చెప్పే విషయం:

2018 నిబంధనల అనుబంధంలో మౌఖిక పరీక్షకు అభ్యర్థులను వడపోసేందుకు నూరు మార్కుల పట్టిక ఉంది. విశ్వవిద్యాలయాల పట్టికలో డిగ్రీకి గరిష్ఠంగా 15, పి.జి.కి 25, పిహెచ్.డి.కి 30, జె.ఆర్.ఎఫ్.తో కూడిన నెట్‌కు 7, పరిశోధన ప్రచురణలకు 10, బోధనానుభవానికి 10, పురస్కారాలకు 3 మార్కులు కేటాయించారు. కళాశాలల పట్టికలో డిగ్రీకి 21, పి.జి.కి 25, పిహెచ్.డి.కి 25, జె.ఆర్.ఎఫ్.కు 10, ప్రచురణలకు 6, అనుభవానికి 10, పురస్కారాలకు 3 మార్కులు ఉన్నాయి. ఒక్కో ప్రచురణకు రెండేసి మార్కులు.

ఈ పట్టికను నిదానంగా చదివితే మూడు విషయాలు స్పష్టమవుతాయి.

మొదటిది, విశ్వవిద్యాలయ నియామకానికి ఐదు పత్రాలతో, కళాశాల నియామకానికి మూడు పత్రాలతో ప్రచురణ మార్కులు నిండిపోతాయి. ఆరవ పత్రానికి వడపోతలో విలువ లేదు. పదిహేను, ఇరవై పత్రాల జాబితాతో జీవనవృత్తాంతాన్ని నింపే అలవాటుకు ఈ పట్టికలో ఆధారం కనిపించదు.

రెండవది, విశ్వవిద్యాలయ పట్టికలో 40, కళాశాల పట్టికలో 46 మార్కులు పరిశోధన మొదలుకాక ముందే నిర్ణయమైపోతాయి. డిగ్రీలో తక్కువ మార్కులు వచ్చిన పేద విద్యార్థి తరువాత ఎంత గొప్ప సిద్ధాంతగ్రంథం రాసినా ఆ లోటును పూడ్చుకోలేడు. పిహెచ్.డి.కి ఇచ్చే 30 మార్కులూ పట్టాకే గాని, గ్రంథం నాణ్యతకు కాదు. ఉత్తమ పరిశోధనకూ నామమాత్ర పరిశోధనకూ ఈ పట్టికలో భేదం లేదు. నిబంధనలపై చేయదగిన బలమైన విమర్శ ఇదే.

మూడవది, ఈ మార్కులు వడపోతకు మాత్రమేనని, తుది ఎంపిక మౌఖిక పరీక్షలో కనబరచిన ప్రతిభ ఆధారంగానే జరగాలని అదే నిబంధన చెబుతుంది. అంటే సిద్ధాంతగ్రంథాన్ని చదివి, దానిపై ప్రశ్నించి, నాణ్యతను తేల్చే అవకాశం ఎంపిక సంఘానికి ఉంది. ఆ అవకాశం వినియోగమవుతున్నదా అన్నది నిబంధనను కాక ఆచార్యులను అడగవలసిన ప్రశ్న.

దీనికి తోడు, ప్రభుత్వ జూనియర్ కళాశాలల అధ్యాపక నియామకాలు పబ్లిక్ సర్వీస్ కమిషన్ల రాతపరీక్షల ద్వారా సాగుతాయి. తెలంగాణలో 2022 డిసెంబరులో 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు వెలువడిన ప్రకటన ఆ కోవలోనిది. అక్కడ కావలసింది పి.జి. పట్టా. ప్రాఙ్నన్నయ యుగం నుంచి సమకాలీన ధోరణుల దాకా, ఛందోవ్యాకరణాలంకారాలతో సహా విస్తృతమైన పఠనం ఉండాలి. ఒక్క రచయిత కథలపైనే ఐదేళ్లు గడిపిన పరిశోధకునికి ఆ పరీక్షలో పత్రాల సంఖ్య అక్కరకు రాదు. పాఠశాలల వైపు చూస్తే బి.ఇడి. లేదా తెలుగు పండిత శిక్షణ, ఉపాధ్యాయ అర్హత పరీక్ష కావాలి. అవి లేని పిహెచ్.డి. పట్టాదారుకు ఆ ద్వారం మూసి ఉంటుంది. ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతాన్ని ద్వితీయ భాషగా ఎంచుకునే ధోరణి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బలపడటం వల్ల ప్రైవేటు కళాశాలల్లో తెలుగు అధ్యాపకుల అవసరమూ కుదించుకుపోయింది. ఈ పటాన్ని ప్రవేశ సమయంలోనే విద్యార్థి ముందు పరచే శాఖలు అరుదు.

4. అంశ ఎంపికపై ప్రభావం:

తెలుగు సిద్ధాంతవ్యాసాల్లో ఒక అధ్యాయ ప్రణాళిక అందరికీ పరిచితం. మొదటి అధ్యాయంలో రచయిత జీవిత విశేషాలు, రెండవదానిలో ప్రక్రియ పుట్టుక, వికాసం, మూడవదానిలో వస్తువైవిధ్యం, నాలుగవదానిలో పాత్రచిత్రణ, ఐదవదానిలో భాషాశైలీ విశేషాలు, చివర ముగింపు. శీర్షికలో 'సమగ్ర పరిశీలన' అన్న మాట చేరితే ప్రణాళిక పూర్తవుతుంది. ఈ పద్ధతి యు.జి.సి. పట్టికల కంటే పాతది. కాని పట్టికలు వచ్చాక దానికి కొత్త ప్రయోజనం చేకూరింది. ఐదు అధ్యాయాలను ఐదు పత్రాలుగా విడదీయడం సులభం. ఐదు పత్రాలకు పది మార్కులు. ప్రతి అధ్యాయమూ మిగిలిన వాటితో సంబంధం లేకుండా నిలబడటం ఒకప్పుడు లోపం. ఇప్పుడది సౌకర్యం.

పూర్వపు సిద్ధాంతగ్రంథాలతో పోలిస్తే భేదం తెలుస్తుంది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనకు ముందుగా గేయాలను జనం నోట విని సేకరించవలసి వచ్చింది. సామగ్రి సేకరణే అక్కడ తొలి ఆవిష్కరణ. సి. నారాయణరెడ్డి 'ఆధునికాంధ్ర కవిత్వము - సంప్రదాయములు, ప్రయోగములు' ఒక కవికి పరిమితం కాలేదు. ఆధునిక కవిత్వంలో సంప్రదాయానికీ ప్రయోగానికీ ఉన్న సంబంధం ఏమిటన్న ప్రశ్న ఆ గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపించింది. నాయని కృష్ణకుమారి జానపద గేయగాథలను ప్రత్యేక ప్రక్రియగా అధ్యయనం చేశారు. ఈ ముగ్గురూ విశ్వవిద్యాలయ ఆచార్యులే. వారికీ పట్టా వృత్తికి ఉపకరించింది. అయితే ఆ గ్రంథాలు పట్టా వచ్చాక కూడా నిలిచాయి, తరువాతి పరిశోధకులకు ఆకరాలయ్యాయి. వృత్తి ప్రయోజనానికీ పరిశోధన విలువకూ సహజ వైరం లేదనడానికి ఇవి నిదర్శనాలు.

ఆనాటి వారికి పోటీ తక్కువ, ఉద్యోగాలు సులభం అన్న సమాధానం రావచ్చు. అందులో కొంత నిజం ఉంది. కాని ప్రశ్న ఉన్న అంశాన్ని ఎంచుకోవడానికి, పేరు మాత్రమే ఉన్న అంశాన్ని తిరస్కరించడానికి ఉద్యోగాల సంఖ్యతో నిమిత్తం లేదు. ఫలానా రచయిత కథలు అన్నది అంశానికి పేరు మాత్రమే. ఆ కథల్లోని మాండలికం కథనదృష్టిని ఎలా నిర్ణయించింది అన్నది ప్రశ్న. రెండింటికీ పట్టే కాలం ఒకటే.

5. ప్రచురణ, సమీక్ష:

మార్కుల పట్టిక ప్రకారం సమీక్షితమైన పత్రికలో వచ్చిన వ్యాసానికే విలువ. కేర్ జాబితా పోయిన తరువాత పత్రిక నాణ్యతను నిర్ణయించే బాధ్యత విశ్వవిద్యాలయాలపైన, పరిశోధకులపైన పడింది. సమీక్షకుల పాత్ర దీనితో పెరిగింది. 2018 నాటి గ్రంథచౌర్య నిరోధ నిబంధనలు పది శాతం వరకు సారూప్యాన్ని అనుమతించి, అంతకు మించితే దశలవారీగా శిక్షలు విధించాయి. కాని తెలుగు విమర్శలో గణనీయమైన భాగం పాత పత్రికల్లో, అచ్చు పుస్తకాల్లో, అముద్రిత సిద్ధాంతవ్యాసాల్లో ఉంది. కంప్యూటరుకు ఎక్కని పాఠంతో పోలిక తీయడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. ఆ విషయంపై పూర్వ గ్రంథాలు చదివిన సమీక్షకుడే దానిని పట్టుకోగలడు. సారూప్య శాతం తక్కువగా ఉన్నదన్న ధ్రువపత్రం వ్యాసంలో కొత్త విషయం ఉన్నదని చెప్పదు. సమీక్షకుడు మొదట అడగవలసింది ఒక్కటే: ఈ వ్యాసం లేకపోతే తెలియకుండా పోయే విషయం ఏమిటి?

6. శాఖలు చేయగలిగినవి:

నిబంధనలు మారేదాకా వేచి ఉండనవసరం లేని పనులు కొన్ని ఉన్నాయి.

6.1. అంశాన్ని ఆమోదించే ముందు శోధగంగలో, శాఖ గ్రంథాలయంలో ఉన్న సిద్ధాంతవ్యాసాలను చూపి, ప్రతిపాదిత ప్రశ్న వాటికి ఎలా భిన్నమో పరిశోధకునిచే రాయించాలి. ఈ పని నెల రోజులు పట్టవచ్చు. ఐదేళ్ల పునరుక్తి తప్పుతుంది.

6.2. కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ తప్పనిసరి. అందులో రెండు క్రెడిట్లు పరిశోధన, ప్రచురణ నైతికతకు పోతాయి. మిగిలిన భాగంలో పరిశోధన పద్ధతులతో పాటు పాఠపరిష్కరణ, తాళపత్ర పఠనం, నిఘంటు నిర్మాణం, అనువాదం, గ్రంథ సంపాదకత్వం వంటి వాటికి చోటు కల్పించవచ్చు. చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోను, తంజావూరు సరస్వతీ మహలులోను ఉన్న తెలుగు ప్రతులను చదవగలిగే తరం తగ్గిపోతోంది. ప్రచురణ సంస్థలకు పరిష్కర్తలు, భాషాసాంకేతిక రంగానికి వ్యాకరణం తెలిసినవారు కావాలి. ఈ నైపుణ్యాలు పరిశోధన నాణ్యతను పెంచుతాయి. అధ్యాపక పదవి దొరకనివారికి రెండవ మార్గాన్నీ చూపుతాయి.

6.3. ఎం.ఫిల్. రద్దుతో చిన్న అంశంపై మొదటి ప్రయత్నం చేసి, తప్పులు దిద్దుకునే దశ పోయింది. దాని స్థానంలో మొదటి ఏడాది చివర ఒక లఘువ్యాసాన్ని రాయించి, శాఖ మొత్తం ఎదుట చర్చించడం మేలు.

6.4. మౌఖిక పరీక్ష అభినందన సభ కాకూడదు. పరీక్షకుల నివేదికల్లోని అభ్యంతరాలు, వాటికి అభ్యర్థి ఇచ్చిన సమాధానాలు శాఖలో భద్రపరచితే తరువాతి నియామక సంఘాలకూ అవి ఉపకరిస్తాయి.

6.5. ఒప్పంద నియామకాలు మొత్తం అధ్యాపక స్థానాల్లో పది శాతం మించరాదని 2018 నిబంధనలు చెబుతున్నాయి. అతిథి అధ్యాపకునికి ఒక పాఠానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 రూపాయల పరిమితితో చెల్లించాలని 2019లో యు.జి.సి. నిర్దేశించింది. నిబంధనల్లో పరిశోధకులకు అనుకూలమైన ఇలాంటి అంశాల అమలును కోరడం కూడా శాఖల, అధ్యాపక సంఘాల బాధ్యతే.

7. ముగింపు:

యు.జి.సి. నిబంధనలు తరచుగా మారడం, పట్టా నాణ్యతను లెక్కించకపోవడం, డిగ్రీ మార్కులకు అధిక ప్రాధాన్యం ఇవ్వడం విమర్శించదగినవి. 2025 జనవరిలో విడుదలైన ముసాయిదా నిబంధనలు అంకెల పద్ధతి నుంచి గుణాత్మక అంచనా వైపు మొగ్గాయి. అయితే గుణాన్ని అంచనా వేయవలసినవారు చదవకపోతే ఆ మార్పు కూడా కాగితానికే పరిమితమవుతుంది. నూటికి పది మార్కులున్న ప్రచురణల కోసం సిద్ధాంతగ్రంథం స్వరూపాన్నే మార్చుకోవాలని ఏ నిబంధనా చెప్పలేదు. ప్రశ్న లేని అంశాన్ని ఆమోదించమని గాని, చదవకుండా పట్టా ఇవ్వమని గాని ఆదేశించలేదు. నిబంధన అడిగిన దానికంటే ఎక్కువగా తెలుగు శాఖలే లొంగిపోయాయి. ఉద్యోగం పరిశోధకుని చేతిలో లేదు. మంచి ప్రశ్నను ఎంచుకోవడం పరిశోధకుని చేతిలోను, ఎంచుకోనివ్వడం పర్యవేక్షకుని చేతిలోను ఉన్నాయి. ఉద్యోగం ఆలస్యమైనా, వేరొక రంగంలో దొరికినా, ఆ ప్రశ్నతో సంపాదించిన విద్య పరిశోధకుని వెంట ఉంటుంది.