పాటకు సనదు ఏది?

మామిడి కోతల రోజుల్లో చాట్రాయిలో ఒక తోటలో కూర్చొని ఉండగా, గంపలో వరిగడ్డి పరుస్తున్న కుర్రవాడొకడు తన ఫోనులో ఒక పాట వినిపించి, “మౌల్వీ సాబ్, ఇది బుల్లేషా గారు వ్రాసిందే కదా?” అని అడిగాడు. అది ‘సయోనీ’. పాకిస్తాన్‌లో 1990లో సల్మాన్ అహ్మద్ స్థాపించిన ‘జునూన్’ రాక్ బృందం దానిని 1997లో ‘ఆజాదీ’ అనే ఆల్బంలో విడుదల చేసింది. బుల్లేషా, ఇక్బాల్ కవితలను ఆ బృందం గిటారు మీద పాడిన మాట నిజమే. కాని ఈ పాట సల్మాన్ అహ్మద్‌తో పాటు ఈ కాలపు ఉర్దూ కవి సాబిర్ జఫర్ పేరున ఉన్నది. ఆ సంగతి చెప్పగా కుర్రవాని ముఖం చిన్నబోయింది. “అయితే ఇది పాతది కాదా?” అన్నాడు. నన్ను ఆలోచింపజేసింది ఆ చిన్నబోవడమే.

సంగీతం ధర్మసమ్మతమా కాదా అను విషయమై ఫిఖ్‌హ్ పండితులలో అభిప్రాయభేదాలున్నవి. ఆ చర్చ ఇక్కడ ప్రస్తుతం కాదు. వినేవారి కుతూహలమే ఇక్కడి విషయం.

ఈ కుతూహలం రెండు విధాలు. పాడేవారి సంసారాలు, తగవులు ఆరా తీయడం ఒకటి. మాట ఎవరిదని విచారించడం రెండవది. సూరా హుజురాత్ 12వ ఆయత్‌లో మొదటిదానికి నిషేధం ఉన్నది. అదే సూరా 6వ ఆయత్, నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించి తెలుసుకొమ్మని ఆదేశిస్తున్నది. మనవారు తరచు వద్దన్నదానిని పట్టుకొని, చేయమన్నదానిని వదిలివేస్తున్నారు.

ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం 1970లో విడిపోయింది. ఎవరివల్ల విడిపోయిందన్న ముచ్చట నేటికీ తెగలేదు. ఆ అభిమానులలోనే ఏ పాట ఎవరిదని శ్రద్ధగా పరిశీలించినవారూ ఉన్నారు. లెనన్, మెకార్ట్‌నీలలో ఎవరు వ్రాసినా ఇద్దరి పేర్లూ వేయడం వారి ఒప్పందం. 1965 నాటి ‘యెస్టర్‌డే’ మెకార్ట్‌నీ ఒక్కడి రచనే అయినా రెండు పేర్లతోనే వెలువడింది. ‘ఇన్ మై లైఫ్’ బాణీ విషయంలోనైతే ఆ ఇద్దరి జ్ఞాపకాలే పొసగలేదు. కర్తలు బ్రతికి ఉండగానే ఇంత చిక్కు ఉంటే, ఏడు వందల ఏండ్ల నాటి మాట ఏమని చెప్పాలి?

మన హైదరాబాదు ఖవ్వాలీనే తీసుకొందాం. 1971లో పద్మశ్రీ పొందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారు, తరువాత ఆయన మనుమలు నసీర్, నజీర్ వార్సీలు అమీర్ ఖుస్రో కలామును ఈ గడ్డ మీద నిలిపారు. ‘ఛాప్ తిలక్’ ఖుస్రోదేనని శ్రోతల విశ్వాసం. 1325లో మరణించిన ఖుస్రో గారి ఫారసీ దీవాన్లు వ్రాతప్రతులలో నిలిచి ఉన్నవి. హిందవీలో కొంత కవిత్వం చెప్పి మిత్రులకు పంచానని ‘గుర్రతుల్ కమాల్’ పీఠికలో ఆయనే పేర్కొన్నారు. అయితే ఆయన కాలపు హిందవీ ప్రతి ఒక్కటీ లభించలేదు.

సీనా-బ-సీనా, అనగా గురువు గుండె నుండి శిష్యుని గుండెకు వచ్చినది చాలదా అని కొందరు వాదిస్తారు. ఆ పరంపర గౌరవించదగినదే. అయితే అది గానానికి సనదు. రచనకు సనదు వేరే ఉండాలి.

ఇది పరులకు చెప్పే నీతి మాత్రమే కాదు. ‘ఛాప్ తిలక్’ను తెలుగు చేసినప్పుడు నేనే నిస్సంకోచంగా పైన ఖుస్రో పేరు వ్రాశాను. ఏ ప్రతి నుండి తీసుకొన్నారని ఒక పాఠకుడు జాబు వ్రాస్తే నా వద్ద జవాబు లేకపోయింది. మద్రసాలో ఏండ్ల తరబడి రావీల పేర్లు వల్లించినవాడిని, ఒక్క పాటను ‘నిన్నెవరు చెప్పారు?’ అని అడగలేదు. ఇప్పుడు ‘ఖుస్రో పేర ప్రచారంలో ఉన్నది’ అని సవరించుకొన్నాను. దానివల్ల పాట తీపి తగ్గలేదు. పేరు తెలియని ఒక కవి హక్కు మాత్రం మిగిలింది.

ఎక్కడి కాయనో నూజివీడు రసమని అమ్మితే చాట్రాయి రైతు ఊరుకోడు. ఆ కాయ పుల్లనిదని కాదు, దానిని పెంచినవాడు వేరొకడు గనుక. ఆ కుర్రవానికి కూడా ఇదే చెప్పాను. సాబిర్ జఫర్ పేరు తన ఫోనులో వ్రాసుకొన్నాడు.