పిండికట్టు వెనుకనున్న శాస్త్రం

ఎముకల శస్త్రచికిత్స నేర్వవచ్చిన విద్యార్థి మొదట చూడగోరేవి కత్తులు, మేకులు, ఉక్కుపలకలు. కాని విరిగిన ఎముకలన్నింటికీ కత్తి అవసరం లేదు. చర్మాన్ని కోయకుండా చేతితో సరిచేసి, పిండికట్టు వేసి నయం చేయదగిన విరుపులు నేటికీ అనేకం ఉన్నవి. ఈ పద్ధతికి ప్రామాణికమని పేరొందిన గ్రంథం, ఆంగ్ల వైద్యుడు జాన్ ఛార్న్‌లీ రచించిన 'ది క్లోజ్డ్ ట్రీట్‌మెంట్ ఆఫ్ కామన్ ఫ్రాక్చర్స్'. దీని తొలి కూర్పు 1950లోను, మూడవ కూర్పు 1961లోను వెలువడినవి. ఇంతకాలం తరువాత వైద్య, నర్సింగు విద్యార్థులు దీనిని చదువవలసిన పని ఉన్నదా? ఉన్నది. అయితే దీనితోనే ఆగిపోరాదు.

శస్త్రచికిత్స శాస్త్రమనీ, కట్టు కట్టడం కేవలం చేతివాటమనీ చాలామంది తలుస్తారు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. అది తరతరాలుగా పెద్దల చేయి చూచి పిన్నలు నేర్చుకొన్న విద్య. ఏ దేశంలోనైనా ఇటువంటి నేర్పు చేతిలో ఉంటుందే గాని మాటలకు లొంగదు. ఆ నేర్పునకు కారణాలను వెదకి, మాటలలోను బొమ్మలలోను పెట్టి, ఎవరైనా నేర్వదగిన విద్యగా చేయడమే ఛార్న్‌లీ సాధించిన ఘనకార్యం.

ఆయన ఆలోచనకు కీలకం ఒక్కటే. పచ్చి కొమ్మను వంచి విరిస్తే, ఒక ప్రక్క బెరడు తెగిపోతుంది; లోపలి ప్రక్క బెరడు అంటుకొనే ఉంటుంది. వంగి విరిగిన ఎముకకూ ఇంతే. పైపొర, చుట్టునున్న మెత్తని కణజాలం ఒక ప్రక్క చినిగినా, రెండవ ప్రక్క తెగక మిగులుతవి. తలుపుకు మడతబందు ఎటువంటిదో, విరిగిన ముక్కలకు ఈ మిగిలిన పొర అటువంటిది. అందుచేత తిన్నగా లాగినంత మాత్రాన ఎముక కూడకపోవచ్చు. వంపును ముందు కొంచెం హెచ్చించి, అంచును అంచుతో కలిపి, తరువాత తలుపు మూసినట్లు మూయాలి. పిమ్మట ఆ బందు బిగువు సడలకుండా మూడుచోట్ల ఒత్తిడి కలిగేటట్లు పిండికట్టును మలచాలి. మణికట్టు వెనుకకు వంగి విరిగినప్పుడు చేతి వెనుక ప్రక్క రెండుచోట్ల, అరచేతి ప్రక్క ఒకచోట ఒత్తిడి పెట్టడం ఇందుకే. తిన్నని ఎముక కావాలంటే కట్టు కొంచెం వంపుగా ఉండాలన్న మాట మొదట వింతగా తోచినా, ఈ లెక్క తెలిసిన తరువాత సహజమనిపిస్తుంది.

ఈ సూత్రం పాతబడలేదు. బ్రిటన్‌లో మణికట్టు విరిగిన 500 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2022లో ప్రకటింపబడినవి. ఎముకను సరిచేసిన పిమ్మట కొందరికి సన్నని తీగలు గ్రుచ్చారు. కొందరికి చక్కగా మలచిన పిండికట్టు మాత్రమే వేశారు. ఏడాది తరువాత చేతి పనితనంలో చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. అయితే కట్టు వేసిన ఎనమండుగురిలో ఒకరికి ఎముక మరల జారి, శస్త్రచికిత్స అవసరమైనది. కట్టు వేసి మరచిపోరాదని దీని తాత్పర్యం.

ఇక లోపాలు. పెద్దవారి తొడ ఎముక విరిగితే నెలల తరబడి మంచాన పడుకోబెట్టే పద్ధతిని నేడు వీలైనంతవరకు విడిచినారు. 1939లో జర్మనీలో క్యూంచర్ ఎముక లోపలి గొట్టంలో పొడవైన మేకును దింపి దారి చూపినాడు. దానివలన రోగి త్వరగా లేస్తాడు. పడకపుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు, సిరలలో నెత్తురు గడ్డకట్టడం తగ్గుతవి. కనుక ఈ గ్రంథంలోని తొడ ఎముక ప్రకరణాన్ని నేటి విద్యార్థి చరిత్రగా చదువుకొనవలెను.

రెండవ లోపం మరింత ముఖ్యమైనది. గ్రంథం ప్రధానంగా కట్టు వేసేవాని చేతులతో మాట్లాడుతుంది. ఆ చేతులు వెళ్లిపోయిన తరువాతి రాత్రి నర్సుది. విరిగిన అవయవం వాచినప్పుడు, సాగని పొరలలో బందీయైన కండరాలపై ఒత్తిడి పెరిగి సన్నని రక్తనాళాలలో ప్రవాహం ఆగిపోతుంది. ఇదే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. మందుకు లొంగక పెరిగే నొప్పి, వేళ్లను మెల్లగా చాచితే భరింపరాని బాధ దీని తొలి గుర్తులు. తిమ్మిరి కూడ రావచ్చును. నాడి కొట్టుకొంటున్నదని ఊరట చెందరాదు. నాడి చివరిదాకా అందవచ్చు. వెంటనే వైద్యుని పిలిచి, కట్టును, లోపలి దూదిని చర్మం కనిపించేదాకా పొడవునా చీల్చాలి. అవయవాన్ని గుండె మట్టంలో ఉంచాలి. అప్పటికీ తగ్గకుంటే శస్త్రవైద్యుడు పొరలను కోసి విడిపించక తప్పదు. కొద్ది గంటల ఆలస్యానికి జీవితకాలపు కొంకరచేయి ఫలితం కావచ్చు. ఈ సంగతిని జర్మన్ వైద్యుడు ఫోల్క్‌మన్ 1881లోనే వర్ణించినాడు. బాధపడే రోగిని 'ఓర్చుకో' అనడం ఇక్కడ ఓదార్పు కాదు, అపాయం.

ఛార్న్‌లీ కత్తికి శత్రువు కాడు. లోహపు గుండు, ప్లాస్టిక్ గిన్నెలతో కృత్రిమ తుంటికీలును 1960 దశకంలో రూపొందించి లోకానికిచ్చినవాడు ఆయనే. కోయడం ఎరిగినవాడు, కోయనక్కరలేని చోటును ఇంత శ్రద్ధగా వివరించినాడు. వైద్యవిద్యార్థి ఈ గ్రంథంలో మొదట సూత్రభాగాన్ని చదువవలెను. నర్సింగు విద్యార్థి దీనిని చదివి మూసిన పిమ్మట, రోగి మంచం ప్రక్కకు వెళ్లి, వాని వేళ్లను చాచి చూడవలెను.