ముక్క రేటు

మొన్న కాశీబుగ్గలో ఒక సూపర్ మార్కెట్ వెనక సందులోంచి వస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు టమాటా ట్రేలు ఎత్తి చెత్తబండిలో గుమ్మరిస్తున్నారు. ఆగి చూశాను. పదింటిలో మూడో నాలుగో మెత్తబడ్డాయి, మిగతావి పులుసులోకి నిక్షేపంలా ఉన్నాయి. వాటి మీద బ్రెడ్డు, బ్రెడ్డు మీద కావాలనే కవరు చింపిన బిస్కెట్లు. తేదీ చెరిపి ఇంకెవరూ అమ్ముకోకుండా చింపుతారట. "ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు కదా బావూ" అన్నాను. "ఇస్తే రేపు కొనడానికి ఎవులొస్తారండీ? మా ఓనరు తిడతాడు" అన్నాడు చిన్నవాడు. కోపం వచ్చింది గానీ, ఆ కుర్రాడు చెప్పిందాంట్లో తప్పు ఎక్కడుందో చప్పున తేలలేదు. అందుకే ఈ వారం ఇది.

ఇక ఎప్పటిలాగే ప్లాస్టిక్ వద్దు, గుడ్డసంచి పట్టుకెళ్ళండి అని మొదలెడతానని మీలో సగంమంది అనుకునే ఉంటారు. టెక్కలి నుంచి ఒక పాఠకుడు "మీ సంచి చిరిగేదాకా మాకు విముక్తి లేదా?" అని రాశారు కూడా. భయపడకండి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ సామాన్లు నిషేధం, ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ సంచి ఇవ్వకూడదు. చేపల బజారులో ఏం ఇస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. సంచి కథ ఈ వారానికి ఇంతే.

ఆ టమాటాలు చూశాక నాకు గుర్తొచ్చింది మా తాత కొట్టు. పలాసకీ మందస రోడ్డుకీ మధ్య సుమ్మాదేవి స్టేషన్ ఉంది కదా, ఎక్స్‌ప్రెస్‌లు ఈల వేసుకుంటూ దాటిపోయే స్టేషను, ఆ పక్క ఊళ్ళోనే కొట్టు. సరుకు పలాస నుంచి పాసింజరులో దిగేది. కొట్టంటే ముందు ఒక అరుగు, లోపల చీకటి, ఆ చీకట్లో బెల్లం, కిరసనాయిలు, ఎండుచేప కలిసిన ఒక వాసన. వరసగా రేకుడబ్బాలు. జీడిపప్పు ఎగుమతికి వాడే డబ్బాలవి. ఒక్కోదాంట్లో 25 పౌన్లు, అంటే 11.34 కిలోల పప్పు పట్టేది. చిల్లుపడ్డవీ సొట్టపోయినవీ మా తాత ఫ్యాక్టరీ దగ్గర చవగ్గా కొని తెచ్చేవాడు. ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో చోళ్ళు, ఒకదాంట్లో చిల్లర. మూత తీస్తే ఏ డబ్బా ఏదో మోతని బట్టి మా నాన్నమ్మ వంటింట్లోంచే చెప్పేది.

ఆ కొట్లో చెత్తబుట్ట లేదు. పెట్టినా అందులో వెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. గోనెసంచి ఖాళీ అయితే తిరగేసి దులిపేవాడు. రాలిన గింజలు కోళ్ళకి, సంచి మళ్ళీ జీడిగింజల వ్యాపారికి. నూనెడబ్బాని రాత్రంతా ఇంకో డబ్బా మీద బోర్లించి పెట్టేవాడు, తెల్లారేసరికి అడుగున గరిటెడు నూనె చేరేది. ఉల్లిపొట్టు, కుళ్ళిన దుంప పెంటకుప్పలోకి, పెంటకుప్ప వైశాఖంలో పొలంలోకి. బెల్లానికీ చింతపండుకీ అడ్డాకు, మందస కొండల నుంచి సవర గిరిజనులు మోపులుగా తెచ్చి ఇచ్చేవారు. మిగతా అన్నిటికీ పాత పేపరు పొట్లం. పొట్లం కట్టిన దారం కూడా విప్పి, ఉండ చుట్టి, మర్నాడు మా చేతే వెనక్కి తెప్పించేవాడు.

ఇంతవరకూ రాశాక ఈ కాలమ్ ఎటు వెళ్తుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. చిన్న కొట్టు మంచిది, పెద్ద మార్కెట్టు చెడ్డది, మళ్ళీ వెనక్కి పోదాం రండి. పండక్కి ఊరెళ్ళినప్పుడు అరుగు మీద ఇదే పాట పాడుతుంటే, ఎదురింటి ముసలమ్మ ఒకామె తమలపాకు నములుతూ అంతా విని తాపీగా అంది: "మీ తాత కొట్లో ఏటీ పారబొయ్యలేదు బావూ, నిజమే. మేం తినీసినాం కదా."

అరుగంతా గప్‌చుప్. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పుచ్చిన పప్పు, ముక్కిపోయిన బియ్యం, చీమలు పట్టిన బెల్లం, డబ్బా అడుగున చేరిన ఆ గరిటెడు నూనె, అన్నీ అప్పుఖాతా వాళ్ళ పొట్లాల్లోకే పోయేవి. రొక్కం ఇచ్చినవాడికి సంచి పైభాగం, అప్పు రాయించుకున్నవాడికి సంచి అడుగు. రేటు మాత్రం ఇద్దరికీ ఒకటే. పంట చేతికి రాని నెలల్లో ఇంకో కొట్టుకి వెళ్ళే దారి లేనివాళ్ళు ఏం మాట్లాడతారు? చెత్త అనేది పుట్టకపోలేదు, పుట్టి ఎవరి కంచంలోకో పోయింది. మా తాత దుర్మార్గుడేం కాదు. ఆ రోజుల్లో కొట్టు నడిచే పద్ధతే అది.

విడి సరుకు మీద బెంగపెట్టుకునేవాళ్ళు ఇంకోటి కూడా తలుచుకోవాలి. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఆర్జిమోన్ అనే ముళ్ళమొక్క గింజల నూనె కలిసి, కాళ్ళు వాచి ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు, పదుల సంఖ్యలో చనిపోయారు. ఇవాళ విడిగా నూనె అమ్మకూడదని నిబంధన ఉందంటే అలాంటివన్నీ దాని వెనక ఉన్నాయి. పేపరు పొట్లం కూడా వద్దని, సిరాలో ఒంటికి పడనివి ఉంటాయని, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2023లోనూ మరోసారి హెచ్చరించింది. అంటే ఈ కాలమ్ ఇక బజ్జీలకి కూడా పనికిరాదు, చదవడమొక్కటే దిక్కు.

సరే, వెనక్కి వెళ్ళలేం. మరి ముందుకి?

కొట్టు నుంచి డంపింగ్ యార్డుకి నిజంగా ఏం పోతోందో ముందు చూడాలి. అట్టపెట్టెలు పోవు, పాతసామాన్లవాడు కిలోల లెక్కన కొనుక్కుంటాడు. మా ఉద్దానం ప్రాంతంలో నీళ్ళ డబ్బాలు పోవు. కిడ్నీ జబ్బు భయంతో ఇరవై లీటర్ల డబ్బా కొనని ఇల్లు వెతకాలి ఇక్కడ, అయినా రోడ్డు మీద అలాంటి డబ్బా ఒక్కటి పడి కనపడదు. ఖాళీది ఇస్తేనే నిండుది ఇస్తారు మరి. విలువ ఉన్నదేదీ యార్డు దాకా నడవదు. నడిచేవి మూడే: పల్చటి ప్యాకింగు, గడువు దాటిన ప్యాకెట్టు, కుళ్ళిన కూరగాయ. మొదటిదాని విషయంలో కొట్టువాడి చేతిలో ఉన్నది తక్కువ, రూపాయి సాషే తయారుచేసేది అతను కాదు. రెండోదాన్ని పెద్ద కంపెనీల సేల్స్‌మన్లు డేమేజీ కింద వెనక్కి తీసుకోవడం ఉంది, చిన్న బ్రాండ్ల దగ్గర అదీ దొరకదు. గడువు తీరినవీ తిరస్కరించినవీ ఎంతెంతో, వాటిని ఏం చేశారో మూడు నెలలకోసారి చెప్పమని 2024 డిసెంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తయారీదారులని అడిగింది. చెప్పనివ్వండి, చూద్దాం. మూడోది, ఆ టమాటా, పూర్తిగా కొట్టువాడి చేతిలోనే ఉంది. గాలి తగలకుండా గుట్టలో కూరుకుపోయి కుళ్ళినప్పుడు మీథేన్ వదిలేది కూడా అదే.

కొట్టువాళ్ళ పక్షాన ఒక మాట. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వేసిన లెక్క ప్రకారం, 2022లో ప్రపంచం పారబోసిన 105 కోట్ల టన్నుల తిండిలో 60 శాతం ఇళ్ళది, 28 శాతం హోటళ్ళూ వంటశాలలది, దుకాణాలది 12 శాతమే. మన ఫ్రిజ్‌లో వెనక వరసలో ఉన్న సొరకాయ ముక్కకి కూడా ఈ పాపంలో వాటా ఉంది. కాకపోతే ఇంటి చెత్త లక్ష చోట్ల పుడుతుంది, కొట్టు చెత్త ఒకచోట, ఒక వేళకి, ఒక మనిషి కళ్ళెదుట పుడుతుంది. పట్టుకోవడం తేలిక.

హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో పట్టుకున్నారు. రోజుకి పది టన్నుల కూరగాయల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్ల కరెంటు, వంటగ్యాసు తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పరిజ్ఞానం అది. మంచిదే. తొక్కలకీ కుళ్ళిపోయినవాటికీ అంతకన్నా మంచి దారి లేదు. కానీ పులుసుకి పనికొచ్చే టమాటాని కూడా అందులో వేస్తే నాకు మింగుడుపడదు. ఫ్రాన్సులో 2016లో చట్టమే చేశారు. నాలుగు వందల చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు అమ్ముడుపోని తిండిని పాడుచెయ్యకూడదు, సేవాసంస్థలకి ఇవ్వాలి. మనకీ 2019 నుంచి మిగులు ఆహారం సేకరణ, పంపిణీలకి నిబంధనలు ఉన్నాయి. అయితే కాశీబుగ్గ కుర్రాడి ప్రశ్న అలాగే ఉంది: రేపు కొనడానికి ఎవులొస్తారు?

జవాబు పలాసలోనే ఉంది, మనకి కళ్ళెదురుగా ఉండి కనపడదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో విరిగిన పప్పుని పారేసినవాడు ఎవడైనా ఉన్నాడా? గుండు 180 రకం, 210, 240, 320, అంటే పౌనుకి ఎన్ని పప్పులు తూగుతాయో ఆ లెక్క. తర్వాత బద్ద. తర్వాత ముక్క, చిన్నముక్క, నూకలాంటి పొడిముక్క. కాస్త మాడిన గుండుకి వేరే రేటు. పిక్క పెంకుని కూడా గానుగాడి నూనె తీస్తారు, అది రంగుల్లోకీ బండి బ్రేకుల్లోకీ పోతుంది. మిగిలిన పిప్పి పొయ్యిలోకి. (జీడిమామిడి పళ్ళు మాత్రం తోటల్లో కుళ్ళిపోతాయి. గోవావాళ్ళు వాటితో ఫెనీ చేసుకుంటారు. ఆ గొడవ ఇంకో వారం.) ముక్క కొన్నవాడికి అది ముక్క అని తెలుసు. రేటూ ముక్క రేటే. పాయసంలోకి ముక్క చాలని ధైర్యంగా అడిగి మరీ కొంటాం.

మా తాత చెయ్యనిది ఇదే. అడుగు సరుకుని అడుగు సరుకని చెప్పి, తగ్గించి అమ్మలేదు. సూపర్ మార్కెట్ కూడా చెయ్యనిది ఇదే. దానికి రెండే రేట్లు తెలుసు: నిండు ధర, చెత్తబండి. ఈ రెండిటికీ మధ్య మెట్లు వెయ్యడం సంతలో చీకటిపడే వేళకి కూరగాయలమ్మే ఏ ఆడమనిషికైనా వచ్చు. మధ్యాహ్నం కిలో లెక్క, సందెవేళ కుప్ప లెక్క. బస్సు ఎక్కే ముందు ఆమె తట్ట ఖాళీ. ఊరికే పంచితే రేపటి బేరం పోతుందేమో గానీ, మెత్తబడ్డ టమాటాని సగానికి అమ్మితే గట్టి టమాటా బేరం పోదు. చట్నీకి కొనేవాడూ సలాడుకి కొనేవాడూ వేరు.

కాబట్టి పలాస, కాశీబుగ్గ, టెక్కలి, సోంపేట దుకాణాల యజమానులకి నా విన్నపం ఇది. సాయంత్రం ఆరు దాటాక బిల్లు కౌంటరు పక్కన ఒక ట్రే పెట్టండి. దాని మీద "ముక్క రేటు" అని రాయండి, ఈ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. రేపు గడువు తీరే బ్రెడ్డూ అందులోనే పెట్టండి, తేదీ పైకి కనపడేలా. షట్టరు దించేవేళకి కూడా మిగిలితే, కూరగాయల వరకు, ప్లాస్టిక్ కవర్లు విప్పి, ఆవులున్నవాళ్ళని పిలవండి. ఇలాంటి ట్రే ఏ దుకాణంలోనైనా ఇప్పటికే ఉంటే, పాఠకులు ఆ వీధి పేరుతో ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి. వచ్చే వారం ఇక్కడే వేస్తాను, ప్రకటన చార్జీ లేకుండా.