మూడు నవలలు - మొగమాటం లేని మాట

మన సాహిత్య సభల్లో నవలమీద చర్చ మొదలు కాగానే ముందుగా వచ్చే ప్రశ్న, "రచయిత ఎటువైపు?" అన్నది. అది అడగదగిన ప్రశ్నే. ఐతే ఆ ఒక్క ప్రశ్నకూ జవాబు దొరకగానే నవలను పక్కన పెట్టెయ్యడం మనకు అలవాటైపోయింది. ఇతివృత్తం అభ్యుదయకరమైతే శిల్పలోపాలన్నీ చిన్నవైపోతాయి. కథానాయకుడు పిరికివాడైతే రచయిత నిరాశావాది అయిపోతాడు. సభలో ఇలా మాట్లాడిన మిత్రులే బయట టీకొట్టు దగ్గర, "నిజం చెప్పొద్దూ, సగం దాటి చదవలేకపోయానండీ" అంటారు. సభలో ఒక అభిప్రాయం, టీకొట్టు దగ్గర మరొకటి ఉన్నంతకాలం మన విమర్శవల్ల పాఠకుడికీ మేలు లేదు, రచయితకూ మేలు లేదు.

ఈ మధ్య వరుసగా మూడు నవలలు చదివాను. మూడూ పాతవే, మనలో చాలామంది చదివినవే. నాకు తోచినది తోచినట్టు చెబుతాను. కాదనవలసిన చోట మిత్రులు కాదనవచ్చు.

మొదటిది 1953లో "భారతి"లో వెలువడిన రాచకొండ విశ్వనాథశాస్త్రి "అల్పజీవి". ఇందులో పోరాటం లేదనీ, గుమాస్తా సుబ్బయ్య భయాలు తప్ప మరేమీ లేవనీ, చైతన్యస్రవంతి పద్ధతి వ్యక్తివాదానికి దారితీస్తుందనీ మనవాళ్ళు కొందరు అంటారు. ఈ మాటతో నేను ఏకీభవించను. సుబ్బయ్య భయం గాలిలోంచి పుట్టలేదు. భార్య సావిత్రి ముందు, బావమరిది వెంకట్రావు ముందు, కంట్రాక్టరు గవరయ్య ముందు అతను కుంచించుకుపోవడానికి కారణం డబ్బు. ఎవరికి ఎంత డబ్బుంటే అతని కంటికి వాళ్ళు అంత పెద్దగా కనిపిస్తారు. ఒక మనిషిని అల్పుణ్ణి చేసేది అతని పుట్టుక కాదు, అతను నిలబడ్డ చోటు అని ఇంత స్పష్టంగా చూపించిన నవలను వ్యక్తివాదమని తోసిపారెయ్యడం తొందరపాటు. వర్గసమాజం మనిషి లోపలికి ఎంత లోతుకు దిగుతుందో తెలుసుకోవాలంటే గణాంకాలు చాలవు, సుబ్బయ్య అవసరం.

కాని ఇదే నవలలో నన్ను ఇబ్బంది పెట్టినదీ చెప్పాలి. మనోరమ. సుబ్బయ్యకు కాస్త వెచ్చదనం, కాస్త ధైర్యం కావలసి వచ్చినప్పుడు ఆమె వస్తుంది. ఆమెకేం కావాలో, ఆమె భయాలేమిటో రచయిత సుబ్బయ్యకు ఇచ్చినంత ఓపిక ఇచ్చి చూడలేదు. సావిత్రి సంగతీ అంతే. మొగుణ్ణి చులకన చేసే భార్యగా ఆమెను చూస్తామే గాని, చేతిలో చదువూ సంపాదనా లేని ఆడది పుట్టింటి హోదాను ఎందుకు పట్టుకు వేళ్ళాడుతుందో మనకు తెలియదు. అల్పజీవి ఆ ఇంట్లో ఒక్కడే కాదు గదా!

రెండవది 1955లో వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి". నిజాం రాజ్యంలోని తెలంగాణా పల్లెను, దొర గడిని, వెట్టిని నవలలోకి తెచ్చినవారిలో ఆయన ముందువరసలోని వాడు. వంటపని చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, దేశోద్ధారక గ్రంథమాల పుస్తకాలు ఊరూరా తిరిగి అమ్మి, జైళ్ళలో గడిపిన మనిషి రాసిన పుస్తకం ఇది. ఆ అనుభవం పేజీపేజీకీ తెలుస్తుంది. దేశముఖు రామభూపాలరావు గడి వాకిట్లో మనుషులు నిలబడే తీరు, మాట్లాడే తీరు, మాట్లాడకుండా ఉండే తీరు చదివినప్పుడు చేతిలోని పుస్తకం బరువెక్కుతుంది.

ఐతే కథానాయకుడు కంఠీరవం దగ్గరకు వచ్చేసరికి ఆ బరువు తగ్గిపోతుంది. అతను చెప్పేవి నిజాలే. కాని అతను తడబడడు, సందేహించడు, రాత్రి నిద్రపట్టక దొర్లడు. వాదంలో అవతలివాడు ఓడిపోవడానికే వచ్చినట్టుంటాడు. ఇది రాజకీయాలవల్ల వచ్చిన లోపమని మన ప్రత్యర్థులంటే నేను ఒప్పుకోను. అవే రాజకీయాలు గడి వర్ణనకు ప్రాణం పోశాయి. రచయిత తాను చూసినదాన్ని నమ్ముకున్నచోట నవల బతికింది. తన వాదాన్ని మాత్రమే నమ్ముకున్నచోట నీరసించింది. దీన్ని "ప్రచారం" అని ఈసడించేవారిదీ, "మనవాడు" గనక లోపమే లేదనేవారిదీ ఒకటే జబ్బు: ఇద్దరూ పుస్తకాన్ని పూర్తిగా చదవరు.

మూడవది కొడవటిగంటి కుటుంబరావు "చదువు". ఉద్రేకం కోరేవారికి ఇది రుచించదు. అక్షరాభ్యాసంతో మొదలైన సుందరం చదువు ఊరు దాటి కాశీదాకా వెళుతుంది. ఈ లోపల మొదటి ప్రపంచయుద్ధం, జాతీయోద్యమం, ఆర్థికమాంద్యం ఒకదాని తర్వాత ఒకటి ఆ కుటుంబం గుమ్మంలోకి వస్తాయి. రచయిత గొంతు పెంచడు. కొన్ని ప్రకరణాలు ఇంటి జమాఖర్చుల పద్దులా సాగుతాయి. అక్కడ నాకు విసుగు పుట్టింది. కాని మాంద్యం వచ్చాక ఆ పద్దుల అర్థం బోధపడుతుంది. కొడుకు చదువుమీద తల్లి సీతమ్మ పెట్టుకున్న ఆశ, దానికి అయిన ఖర్చు, చివరికి ఆ చదువు తెచ్చిపెట్టినది పక్కపక్కన పెట్టి చూడమంటాడు రచయిత. డిగ్రీలు చేతబట్టుకుని ఉద్యోగ ప్రకటనలు వెతుక్కునే విద్యార్థులకు ఈ నవల పాతబడలేదు.

ఇప్పుడు మూడింటినీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఎర్రజెండా ఊసెత్తని సుబ్బయ్య, సుందరం నన్ను వెంటాడుతున్నారు. ప్రజల కోసం సర్వమూ ఇచ్చిన కంఠీరవం పుస్తకం మూయగానే సెలవు పుచ్చుకున్నాడు. దీనివల్ల వీరుడి నవల రాయకూడదని తేలదు. వీరుడికి కూడా భయం, ఆకలి, ఇంటిగొడవ ఉంటాయని, అవి ఉండగా కూడా నిలబడ్డాడు గనకనే వీరుడయ్యాడని చూపించాలని తేలుతుంది. 1946-51 నాటి పోరాటంలో పాల్గొన్న రైతులు భయమెరుగనివాళ్ళు కారు. భయపడుతూనే కదిలారు. ఆ నవల మనకు ఇంకా కావాలి.

అందుకే అధ్యాపక మిత్రులకూ విద్యార్థి మిత్రులకూ ఒక సూచన. చదువరుల గోష్ఠి పెట్టినప్పుడు రచయిత దృక్పథం చర్చించడానికి ముందు ప్రతివారూ మూడు సంగతులు చెప్పాలి: ఎక్కడ చదవడం ఆపబుద్ధయింది? ఎక్కడ నమ్మకం కలగలేదు? వారం తరువాత ఏ మనిషి గుర్తున్నాడు? అధ్యాపకుడు ఆఖరున మాట్లాడాలి. ఆయన ముందు మాట్లాడితే విద్యార్థులు ఆయన మాటే అప్పజెబుతారు. దృక్పథం చర్చ ఆ తరువాత వస్తే దానికి కాళ్ళకింద నేల ఉంటుంది. కంఠీరవం విషయంలో నా మాట కాదనే మిత్రులు తప్పక ఉంటారు. వారు పుస్తకం చేతబట్టుకుని, పేజీ చూపించి కాదనాలని కోరుతున్నాను.