ఎడమచెయ్యి ఏమంటుందో వినండి

ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవాళ్లు బేస్ గిటార్‌ని అన్నిటికన్నా చివర కొంటారు. మైకు, కీబోర్డు, హెడ్‌ఫోన్లు, ఆడియో ఇంటర్‌ఫేసు అన్నీ అమిరాక, పాటకి అడుగు లేదని తెలిసొచ్చాక. అప్పటికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి గనక కొట్లో దేనికి మెరుపెక్కువుంటే దాన్ని తెచ్చేసుకుంటారు. నన్నడిగితే బేస్ ఎంపికలో చెవి మాట తర్వాత, ముందు ఎడమచెయ్యి మాట వినాలి. నాదం ఎలా ఉన్నా తీగలు మార్చో, కంప్యూటర్లో సవరించో దారికి తేవచ్చు. నెక్ చేతికి ఒదగకపోతే చేసేదేమీ లేదు.

స్టూడియోకి వచ్చే ఆర్టిస్టు రెండు టేకుల్లో పని ముగించి వెళ్లిపోతాడు. మన సంగతి వేరు. ఆఫీసు నుంచి వచ్చి, భోంచేసి, పిల్లలు పడుకున్నాక కూర్చుంటాం. అదే ముక్కని మళ్లీ మళ్లీ వాయిస్తాం. బొటనవేలి మొదట్లో నొప్పి పుట్టిందంటే లయ జారుతుంది, పాటంతా బరువెక్కుతుంది. పైగా ఇళయరాజా పాటలు విని పెరిగిన చెవులు మనవి. ‘గీతాంజలి’ పాటల్లో బేస్ ఎంత తిరుగుతుందో ఒకసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. అలాంటిది వాయించాలని మనసుపడ్డాక రోకలి లాంటి నెక్ పట్టుకుని ఎంతసేపు కుస్తీ పడతాం?

ఇక్కడ చూడాల్సిన కొలతలు రెండు. ఒకటి, తల పక్కన తీగలు ఆనే నట్ దగ్గర నెక్ వెడల్పు. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి అది 41 నుంచి 44 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆయనే 1960లో తెచ్చిన జాజ్ బేస్‌కి 38. ఆ కాస్త తేడా కాగితం మీద ఏమీ అనిపించదు, చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది. రెండోది, వెనకవైపు మందం. ఐబనేజ్ వాళ్లు 1987 నుంచి చేస్తున్న ఎస్‌ఆర్ వరసకి పేరొచ్చింది దీనివల్లే. వాటి నాలుగు తీగల రకాల్లో నెక్ మీది అడ్డగీతల్లో మొదటిదైన మొదటి ఫ్రెట్ దగ్గర మందం 20 మిల్లీమీటర్ల లోపే. అయితే పలచన అయితే చాలు సుఖమనుకోకండి. అరచెయ్యి పెద్దదైనవాళ్లకి మరీ పలచని నెక్ మీద బొటనవేలికి ఆనిక దొరకదు, ఊరికే గట్టిగా నొక్కేస్తారు. అప్పుడూ నొప్పే.

చాలామంది నెక్ లావని విసుక్కుంటారు గానీ చాలాసార్లు అసలు ఇబ్బంది పొడవు. మామూలు బేస్ స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాలు. దాని మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి దాదాపు 13 సెంటీమీటర్లు. చూపుడువేలూ చిటికెనవేలూ అంత ఎడం సాగాలి. 30 అంగుళాల షార్ట్ స్కేలు బేస్ మీద అదే దూరం పదకొండున్నరకి దిగుతుంది. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్‌నర్ వయొలిన్ బేస్ ఈ పొట్టి జాతిదే. తేలికైనది, చేతికి అందేది. దాని మీద పుట్టిన బేస్ వరసలు ఎలాంటివో బీటిల్స్ అభిమానులకి నేను చెప్పక్కర్లేదు. పొట్టి బేస్‌కి తీగల బిగువు తక్కువ, గట్టిగా మీటితే లావు తీగ గలగలమంటుంది. కాస్త లావు తీగల సెట్ వేసి, మీటడం మెత్తన చేసుకుంటే సరి. ఇంట్లో వాయించేవాడికి జనం మీదికి శబ్దం విసరాల్సిన పనేముంది!

చేతి సుఖమే ముందన్న మాటకి ఎదురు చెప్పేవాళ్లు బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్ పేరెత్తుతారు. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి ఆయన వాయించింది 1962 నాటి ప్రెసిషన్ మీద, ఎత్తుగా లేచిన తీగలతో, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో. నిజమే. కానీ ఆయన నిలువెత్తు డబుల్ బేస్ మీద చెయ్యి పదునుపెట్టుకుని వచ్చినవాడు. మనం అలా రాలేదు. ఆయన దగ్గర తీసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి పైచుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వౌండ్ తీగలు. వీటి మీద వేళ్లు జారినా కీచుమనదు, ఇంటి రికార్డింగుకి ఇంతకన్నా ఏం కావాలి. రెండోది, అక్కడ బేస్‌ని నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కే కలిపేవారు. మనమూ అంతే. బేస్ నుంచి వైరు నేరుగా ఇంటర్‌ఫేసులోకి వెళ్తుంది గనక పక్కింటి కుక్కర్ విజిల్ కూడా రికార్డుకెక్కదు.

రికార్డుకెక్కేది కరెంటు గురగుర. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. లావు తీగ మీద మూడో ఫ్రెట్ దగ్గర పలికే జీ స్వరం 49 హెర్ట్జ్. రెండూ పక్కపక్కనే కాపురం, ఒకదాన్ని కోస్తే రెండోది తెగుతుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో ఇది మరీ బాధ. జాజ్ బేస్‌లో తీగల కదలికని పట్టే రెండు పికప్పులూ పూర్తిగా తెరిచి ఉంచితే గురగుర అణుగుతుంది, ఒకటి తగ్గిస్తే మళ్లీ లేస్తుంది. ప్రెసిషన్‌కి 1957 నుంచి ఉన్న రెండు ముక్కల పికప్‌తో ఈ గొడవ లేదు. అందుకే నా మనసు ప్రెసిషన్ పికప్పూ జాజ్ నెక్కూ కలిపిన వాటివైపు మొగ్గుతుంది. అలాంటివి అన్ని ధరల్లోనూ దొరుకుతున్నాయి.

సన్నని నెక్‌కి సేవ ఎక్కువ. నాలుగు తీగలూ కలిసి సుమారు 75 కిలోల బరువుతో దాన్ని లాగుతుంటాయి. ఎండలు పోయి వానలు పడగానే కొంచెం వంగుతుంది. ఆ వంపు సరిచేసే లోపలి ట్రస్ రాడ్‌ని పావు చుట్టు మించి ఒకేసారి తిప్పకండి, తెలియకపోతే తెలిసినవాళ్లతో తిప్పించండి.

కొట్లో నిలబడి బేస్ కొనకండి. కుర్చీ అడగండి. ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, మొదటి నాలుగు ఫ్రెట్ల మధ్యే ఓ ఇరవై నిమిషాలు వాయించండి. చెయ్యి వదిలేస్తే బేస్ తల కిందికి వాలుతోందేమో చూడండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనీ. అంతసేపూ మణికట్టు గుర్తుకురాని బేస్‌నే బిల్లు వేయమనండి.